అవ్వను బస్తా మాదిరి ఎక్కించొద్దు



మామూలుగా ఇక్కడ మనం పాత ఇంటి సంగతులు, తాతల నాటి కాగితాలు, ఇంటి దేవుడి పూజ ఎట్లా చేసేవాళ్ళు అనే విషయాలు రాసుకుంటాము. ఈసారి బండి ఎక్కడం, దిగడం గురించి రాస్తున్నాము. "ఇది కూడా రాసే విషయమేనా?" అని చిన్నాయన నవ్వినారు. చివరిదాకా చదివినాక మీరే చెప్పండి. మా మటుకు మాకు, అవ్వ ఊరికి రాకుండా పోతే రాసుకోవడానికి పాత సంగతులే మిగలవు.

మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాము. కాబట్టి అక్కడక్కడ మాట కన్నడం వైపు జారితే సర్దుకోండి.

మనది శ్రీనివాసపురం పక్క పల్లె అని అందరికీ తెలిసిందే. బెంగుళూరు నుంచి హోసకోట, కోలారు మీదుగా పోతే సుమారు వంద కిలోమీటర్లు. రోడ్డు ఊరిదాకా బాగానే ఉంటుంది. ఊరి నుంచి మామిడి తోటకు పోయే చివరి రెండు కిలోమీటర్లే మట్టి దావ. వాన పడితే ట్రాక్టరు చక్రాల గాళ్ళు ఇంతింత లోతు పడతాయి. మా పాత చిన్న కారు అడుగు ఎన్నిసార్లు నేలకు రాసుకుందో లెక్క లేదు. అందుకని మూడేండ్ల కింద అన్నదమ్ములందరూ కలిసి ఎత్తైన ఫోర్ వీల్ బండి ఒకటి కొన్నాము. ఏ కంపెనీది అని రాయము. ఇక్కడ చెప్పబోయే మాట ఎత్తైన బండ్లన్నిటికీ వర్తిస్తుంది.

కొనే రోజు మేము ఏమి చూసినాము? ఇంజన్ ఎంత, మైలేజి ఎంత, నేల నుంచి బండి అడుగుకు ఎంత ఖాళీ ఉంది, రంగు బాగుందా, పాటల పెట్టె పెద్దదేనా. నేల ఖాళీ గురించి అయితే మాలో మేము వారం రోజులు వాదించుకున్నాము. మూడు తలుపుల థార్‌కు 226 మిల్లీమీటర్లు, ఐదు తలుపుల జిమ్నీకి 210 మిల్లీమీటర్లు అని నోటికి వచ్చేసినాయి. ఎనభై రెండేండ్ల అవ్వ ఆ బండిలోకి ఎట్లా ఎక్కుతుంది అని ఒక్కరం కూడా అడగలేదు. మేము చూసిన బ్రోచర్లు ఒక్కదాంట్లో కూడా ఆ ఎత్తు రాసి లేదు. నేల నుంచి బండి అడుగు భాగానికి ఉండే ఖాళీ వేరు, నేల నుంచి కాలు పెట్టే లోపలి పలకకు ఉండే ఎత్తు వేరు. మొదటిది రాళ్ళకు సంబంధించింది. రెండోది మోకాళ్ళకు సంబంధించింది.

పోయిన సంవత్సరం కాయలు కోసే కాలంలో ఊరికి పోతూ కోలారు దాటినాక టీ కోసం ఆపినాము. తారు రోడ్డు పక్కన కంకర పోసిన వాలు. మేమంతా ఎవరి తలుపు వాళ్ళు తీసుకుని గబగబా దిగిపోయినాము. అవ్వ వెనక సీటులో ఎడమ పక్కన ఉంది. ఎవరినీ పిలవకుండా, మనం కుర్చీలో నుంచి లేచినట్టే ముఖం బయటకు పెట్టి, ఒక చేత్తో తలుపు పట్టుకుని కాలు కిందికి దింపింది. నేల అందలేదు. బరువు పడేసరికి తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. దాంతోపాటు అవ్వ కూడా పోయి కంకరలో కూలబడింది.

దేవుడి దయ, ఎముక విరగలేదు. అరచెయ్యి గీసుకుపోయింది, ఎడమ మోకాలు వాచింది. మా కడుపులో ఇప్పటికీ కలుక్కుమనేది అదొక్కటే కాదు, ఆ తరువాత మేము అన్న మాటలు. "అంత తొందర ఏమొచ్చింది అవ్వా?" అని ఒకరు. "ఉండమని చెప్పినాము కదా" అని ఒకరు. నిజానికి ఎవరూ చెప్పలేదు. "ఆ చీర కట్టుకుని ఈ బండి ఎక్కితే ఇంతే" అని ఇంకొకరు. అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ "నాదే తప్పు లేరా, చూసుకోలేదు" అనింది. మేము కూడా అవును, అవ్వదే తప్పు అన్నట్టు టీ తాగి బయలుదేరినాము.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఆ పనిలో మొదటి సంవత్సరమే నేర్పే పాఠం ఒకటి ఉంది. ఎవరైనా "ఇది పని చేయలేదు" అని చెప్తే, "మీరు సరిగ్గా వాడలేదు" అని జవాబు ఇవ్వడం చాలా సులువు. అట్లా జవాబిస్తే ఆ ఫిర్యాదు మూసేయవచ్చు, లోపం మాత్రం అట్లాగే ఉంటుంది. ఒకే చోట ఇద్దరు ముగ్గురు తడబడుతున్నారంటే తప్పు వాళ్ళది కాదు, ఆ చోటుది. ఆఫీసులో దీని గురించి గట్టిగా వాదించే మేము, ఇంట్లో అవ్వ ఫిర్యాదును ఒక్క నిమిషంలో మూసేసినాము. ఆమె ఫిర్యాదు కూడా చేయలేదు, అది వేరే మాట.

ఆ తరువాత అవ్వ రెండుసార్లు ఊరికి రాలేదు. కోతలు అయినాక చేసే పూజకు "మోకాళ్ళు నొప్పి, మీరు పోయి రండి" అనింది. సరే అనుకున్నాము. భాద్రపదంలో పెద్దల పండగకు కూడా రానంది. తాత సమాధి తోటలోనే ఉందని మీకు తెలుసు. ఆయన పోయినప్పటి నుంచి ఒక్క సంవత్సరం కూడా తప్పకుండా అవ్వే తన చేత్తో అక్కడ ఎడ పెట్టేది. ఏ వంట ఎక్కడ వడ్డించాలి, ఎవరి పేరు ముందు చెప్పాలి, అన్నీ ఆమెకే తెలుసు. ఆ సంవత్సరం మేము విస్తరి వేసి, ఫోనులో అవ్వను అడిగి అడిగి పెట్టినాము. మధ్యలో సిగ్నలు పోయింది. నాలుగు తరాల పేర్లలో రెండు తరాలే చెప్పగలిగినాము.

ఇంటికి వచ్చినాక మా చెల్లెలు మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది అవ్వ: "యాడికి వచ్చేది తల్లీ? ఇద్దరు పక్కన పట్టుకుని, ఒకరు కింద నుంచి తోసి, బస్తా మాదిరి ఎక్కిస్తారు. దార్లో పోయేవాళ్ళంతా చూస్తారు. నాకొద్దు ఆ రావడం."

అదీ అసలు సంగతి. మోకాలి నొప్పి కంటే ఆ ఎత్తి కూర్చోబెట్టడమే ఆమెకు ఎక్కువ నొప్పి. మేము సాయం అనుకున్నది ఆమెకు అవమానం.

ఇక్కడ ఒక మాట. ఈ రకం బండ్లు మొదట పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం. ఆ విల్లీస్ జీపుకు తలుపులే ఉండవు. బూట్లు వేసుకున్న పడుచు సైనికులు ఎగిరి ఎక్కి, దూకి దిగాలని చేసిన బండి అది. యుద్ధం అయినాక 1940ల చివరలో మహీంద్రా వాళ్ళు మన దేశంలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టినారు. అక్కడి నుంచి అడవి శాఖకు, పోలీసులకు, ఎస్టేట్లకు, ఇప్పుడు మన ఇండ్లకు వచ్చింది. తలుపులు వచ్చినాయి, ఏసీ వచ్చింది, మెత్తటి సీట్లు వచ్చినాయి. ఎత్తు మాత్రం అట్లాగే ఉంది. సైనికుడి కాలికి కొలిచిన ఎత్తులోకి చీర కట్టుకున్న అవ్వ ఎక్కాలి అంటున్నాము.

ఎంత ఎత్తో టేపు పెట్టి కొలిచినాము. మా బండిలో నేల నుంచి లోపలి పలకకు 22 అంగుళాలు. ఇండ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తుంది. అంటే మేము అవ్వను మూడు మెట్లు ఒకే అడుగులో ఎక్కమంటున్నాము. దిగేటప్పుడు అదే మూడు మెట్లు, అదీ కింద ఏముందో కనిపించకుండా. మన ఇంటి మేడ మెట్లు అట్లా కట్టి ఉంటే మేస్త్రిని ఊరికే వదిలేవాళ్ళమా?

పెద్దనాయన ఇంకొక మాట అన్నారు. "మా కాలంలో ఎద్దుల బండి ఎక్కలేదా? బస్సు టాపు మీద ఎక్కి ములబాగలు సంతకు పోలేదా? మీ తరం మరీ సుకుమారం." ఈ మాటకు మా జవాబు ఉంది. ఎద్దుల బండి గురించి ఆయనే చిన్నప్పుడు మాకు చెప్పినారు. వెనక నుంచి నలుగురు ఎక్కితే ఆ బరువుకు బండి వెనక్కి వాలి ముందు కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడకు పట్టేస్తుంది. అందుకని అందరూ ఎక్కేదాకా తోలేవాడు ముందు నొగ మీద బరువు వేసి కూర్చోవాలి. ఒక్కొక్కరినే ఎక్కమంటాడు, దిగేటప్పుడు కూడా ఒక్కొక్కరినే దిగమంటాడు. అంటే ఎక్కడం దిగడం అందరి పని. తోలేవాడు చూసుకోకపోతే బండే ఊరుకోదు. మోటారు బండికి ఆ బాధ లేదు. ఎవరు ఎక్కినా, ఎవరు పడినా అది అట్లాగే నిలబడి ఉంటుంది. అందుకే మనం చూసుకోవడం మానేసినాము. అప్పటివాళ్ళు గట్టివాళ్ళు అనేది సగమే నిజం. వాళ్ళు ఒకరి కోసం ఒకరు ఆగేవాళ్ళు అనేది మిగిలిన సగం.

"అయితే ఎత్తు బండి అమ్మేసి చిన్న కారు తీసుకుందాము" అని కూడా ఒక మాట వచ్చింది. మేము ఒప్పుకోలేదు. ఒకటి, తోట దావకు చిన్న కారు చాలదు. రెండు, మరీ కిందికి ఉండే సీటు కూడా మోకాళ్ళకు శత్రువే. దాంట్లో కూలబడటం సులువు, లేవడం కష్టం. మోకాలి ఆపరేషన్ అయిన మా అత్త చిన్న కారులో నుంచి లేవడానికి పడే పాట్లు మేము చూసినాము. సీటు మన తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటేనే కూర్చోవడం, లేవడం సుఖం. ఎత్తైన బండిలో సీటు బాగానే ఉంటుంది, అక్కడికి చేరడమే కష్టం. చేరే దావ వేస్తే చాలు.

ఆ దావ వేయడానికి ఒక ఆదివారం బండిని ఇంటి ముందు నిలిపి, మా ఆఫీసు పద్ధతిలో పరీక్ష పెట్టినాము. అవ్వకు చెప్పలేదు. మొదట మేమే, ఒక మోకాలు వంగకుండా తువ్వాలు బిగించి కట్టుకుని, చీర కట్టుకునేవాళ్ళు చీర కట్టుకుని, ఎక్కి దిగి చూసినాము. మూడోసారికే మాలో ఇద్దరం తలుపు పట్టుకుని ఊగినాము. అవ్వ పడిన చోటే మేమూ తడబడినాము. అప్పుడు తెలిసింది తప్పు ఎవరిదో.

అక్కడ నేర్చుకున్నవి, మా అత్తకు ఫిజియోథెరపీ చేసినామె చెప్పినవి, అన్నీ కలిపి రాస్తున్నాము.

మొదటిది మెట్టు. బండి పక్కన బిగించే అడుగు పలక అందానికి కాదు. గుండ్రటి గొట్టం లాంటివి చూడటానికి బాగుంటాయి కానీ, బురద చెప్పుతో కాలు పెడితే జారతాయి. వెడల్పుగా, పాదం పూర్తిగా ఆనేట్టు, పైన రబ్బరు గీతలు ఉండే పలక తీసుకోవాలి. ఆ మోడలుకు తగినదే, మనిషి బరువు ఆపేట్టు గట్టి చోట బిగించాలి. పెద్ద రాళ్ళ మీద పోయేవాళ్ళకు అది రాళ్ళకు తగులుతుంది, నిజమే. మనకు తోట దావలో గాళ్ళే కానీ బండరాళ్ళు లేవు. మేము బిగించిన పలక నేల నుంచి 14 అంగుళాలు. దాని కింద పెట్టడానికి ఊరి వడ్లాయన చేత వేప చెక్కతో 7 అంగుళాల పీట ఒకటి చేయించినాము. రెండు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, కాళ్ళ కింద పాత టైరు ముక్కలు, ఎత్తి లోపల పెట్టుకోవడానికి తాడు పిడి. ఇప్పుడు 7, ఇంకొక 7, చివర 8. మూడు మెట్లు మూడు మెట్లుగానే ఉన్నాయి. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దు. అంచు మీద కాలు పెడితే బోర్లా పడుతుంది.

రెండోది పట్టు. తలుపు పట్టుకోకూడదు, అది కదిలే వస్తువు. సీటు బెల్టు పట్టుకోకూడదు, అది సాగుతుంది. స్టీరింగు కూడా తిరిగే వస్తువే. తలుపు పక్కన నిలువు స్తంభానికి ఉండే పిడి, పైన ఉండే పిడి, సీటు గట్టి అంచు, ఇవే పట్టు. కొన్ని బండ్లలో డ్రైవరు వైపు పిడి ఉండదు, కొనేటప్పుడే చూసుకోవాలి. పెద్ద లారీలు, యంత్రాలు నడిపేవాళ్ళకు నేర్పే నియమం ఒకటి ఉంది: రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింటిలో ఎప్పుడూ మూడు గట్టిగా ఆని ఉండాలి. ఒక్కటే కదలాలి. అంటే చేతిలో టిఫిన్ క్యారియరు, సంచి, ఫోను ఉండకూడదు. సామాను ముందు దించాలి, మనిషి తరువాత దిగాలి.

మూడోది ముఖం. ఎక్కేటప్పుడు ఎట్లా బండి వైపు చూస్తామో, దిగేటప్పుడు కూడా అట్లాగే బండి వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. మా అందరికీ ఇదే అలవాటు కాలేదు. కుర్చీలో నుంచి లేచినట్టు ముందుకు దూకడం అలవాటు. దూకితే కింద కంకర ఉందో, గుంట ఉందో తెలియదు. బరువంతా ఒక్క మడమ మీద, ఒక్క మోకాలి మీద పడుతుంది. పడుచువాళ్ళకు కూడా మడమ బెణికేది ఇట్లాగే. తిరిగి దిగితే చేతులు పట్టు మీద ఉంటాయి, కాలు నేలను వెతుక్కుంటుంది.

నాలుగోది కాలు. ఫిజియోథెరపీ ఆమె చెప్పిన మాట మేము ఇంట్లో పాట మాదిరి చెప్పుకుంటున్నాము: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. పైకి ఎత్తే పని మంచి కాలు చేస్తుంది, కిందికి మెల్లగా దించే పని కూడా పైన ఉన్న మంచి కాలే చేస్తుంది. అవ్వకు ఎడమ మోకాలు నొప్పి. ఎడమ పక్క తలుపులో నుంచి దిగితే బయటి వైపు ఉండే ఎడమ కాలే ముందు వస్తుంది కాబట్టి ఆమెకు అదే అనుకూలం. కుడి మోకాలు నొప్పి ఉండేవాళ్ళకు కుడి పక్క తలుపు అనుకూలం కానీ, అది వాహనాలు పోయే వైపు. వాళ్ళను రోడ్డు మీద కాకుండా ఇంటి కాంపౌండులో, తోటలో మాత్రమే ఆ పక్క దింపాలి.

అయిదోది నిలిపే చోటు. ఇది తోలేవాడి పని. చదునైన చోటు చూసి నిలపాలి. హ్యాండు బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, గేరులో పెట్టినాకే "దిగండి" అనాలి. వాలులో తలుపు దానంతట అదే మూసుకోవచ్చు, లేకుంటే విసురుగా తెరుచుకోవచ్చు. ఎడమ పక్క కొంచెం గట్టు ఉండే చోట ఆనించి నిలిపితే దిగే ఎత్తు నాలుగైదు అంగుళాలు తగ్గుతుంది. పల్లెలో అరుగు పక్కన నిలిపితే ఇంకా మంచిది. గుంట పక్కన నిలిపితే అంతే ఎత్తు పెరుగుతుంది. మేము ఆ రోజు టీ కొట్టు దగ్గర చేసింది అదే.

తలుపు తీసేవాళ్ళు ఏ చెయ్యి వాడాలి అనేది కూడా ఒక సంగతి. కుడి పక్క కూర్చున్నవాళ్ళు ఎడమ చేత్తో, ఎడమ పక్కవాళ్ళు కుడి చేత్తో తలుపు తీస్తే శరీరం దానంతట అదే వెనక్కి తిరుగుతుంది, వెనక నుంచి వచ్చే బైకు కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో సైకిళ్ళవాళ్ళ కోసం ఈ అలవాటు ఉంది. మన దగ్గర ఎడమ పక్క సందులో నుంచి కూడా స్కూటర్లు దూరుతాయి కాబట్టి రెండు పక్కలా పనికొస్తుంది.

పిల్లల గురించి ఒక మాట. అయిదేండ్ల లోపు పిల్లలను ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగకండి, కిందికి వేలాడదీయకండి. మోచేతి దగ్గర ఎముక జరిగిపోతుంది. చంకల కింద రెండు చేతులు పెట్టి ఎత్తాలి, అట్లాగే దింపాలి.

ఇక సాయం ఎట్లా చేయాలి అనేది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని లాగకూడదు, కింద నుంచి తోయకూడదు. మన ముంజేయి చాపి గట్టిగా నిలబడాలి. వాళ్ళే దాన్ని పట్టుకుంటారు, కావాలంటేనే. ఎక్కేటప్పుడు వాళ్ళ వెనక ఒక పక్కగా, దిగేటప్పుడు కింద దగ్గరగా ఉండాలి. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకునే తీరిక ఇవ్వాలి, కొంగు తలుపులో పడకుండా చూడాలి. గంటన్నర కూర్చుని వచ్చినవాళ్ళకు కాళ్ళు మొద్దుబారి ఉంటాయి. తలుపు తీసినాక ఒక నిమిషం అట్లాగే కూర్చుని పాదాలు ఆడించి దిగమని చెప్పాలి. ఆ ఒక్క నిమిషం మనం ఓపిక పట్టాలి. ఇంతకూ లేనిది అదే.

ఇవన్నీ సిద్ధం చేసినాక అవ్వను పిలిచినాము. పీట చూసి "ఇదేమిటి, నాకు పెండ్లి పీట వేసినారా?" అనింది. వీధిలో ఎవరూ లేని పొద్దున చూసి, నాలుగుసార్లు ఎక్కి దిగింది. మొదటిసారి మా ముంజేయి పట్టుకుంది. నాలుగోసారి "జరుగు" అనింది.

మా అభిప్రాయం ఇప్పుడు సూటిగా చెప్తాము. కుటుంబం కోసం బండి కొనేటప్పుడు ఇంట్లో అందరికంటే కష్టంగా నడిచే మనిషిని షోరూముకు తీసుకుపోవాలి. ఆ మనిషి మూడుసార్లు ఎక్కి దిగినాకే అడ్వాన్సు ఇవ్వాలి. వయసైనవాళ్ళు, మోకాళ్ళ నొప్పివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు, వీళ్ళంతా బండి వాడేవాళ్ళే. వాళ్ళకు పనికిరాని బండి సగం బండే. మేము ఆఫీసులో ఒక ప్రోగ్రామును బాగా వచ్చినవాడి చేత పరీక్ష చేయించి సరిపోయిందని రాయము, రానివాడి చేత చేయిస్తాము. ఇంట్లో మాత్రం బండిని ముప్పై ఏండ్లవాళ్ళం తోలి చూసి "సూపర్" అనేసినాము. బండ్లు చేసే కంపెనీలకు కూడా ఒక మనవి: నేల ఖాళీ రాసే కాగితం మీదే కాలు పెట్టే ఎత్తు కూడా రాయండి, పిడి రెండు పక్కలా పెట్టండి. అడిగేవాళ్ళం ఎక్కువైతే రాస్తారు అని మా నమ్మకం.

ఇంకొకటి. పెద్దవాళ్ళు "నేను రాను, మీరు పోయి రండి" అంటే అది ఇష్టం లేక అన్నమాట అనుకోకండి. ఏ మెట్టు దగ్గర వాళ్ళు ఆగిపోయినారో వెతకండి. కొన్నిసార్లు అది బండి మెట్టు. కొన్నిసార్లు స్నానాల గది గడప, బస్సు మెట్టు, కల్యాణ మండపం మేడ. ఆ ఎత్తు కొలవడానికి ఒక టేపు, ఒక ఆదివారం చాలు.

ఈ సంవత్సరం కోతలకు అవ్వ వచ్చింది. తోట దగ్గర బండి వైపు తిరిగి, పిడి పట్టుకుని, ఎడమ కాలు ముందు పెట్టి, పీట మీదికి, నేల మీదికి దిగింది. దిగి చీర సర్దుకుని తాత దగ్గరికి నడిచింది. మేము సామాను దించుకుంటూ వెనక పోయినాము.

పెద్దల పండగకు ఈసారి రెండు బండ్లు పోతాయి. రెండో పీట కూడా చేయించినాము, అది చిన్నాయన బండిలో ఉంటుంది. తోలేవాళ్ళు పీట మరచిపోకండి. హైవేలో ఆపాలంటే చదును చోటు చూసి ఆపండి. మంగళూరు నుంచి, హోసూరు నుంచి వచ్చే మనవాళ్ళు తమ తమ బండ్ల ఎత్తు ఇంటి దగ్గరే ఒకసారి కొలుచుకుని రండి. నాలుగు తరాల పేర్లు అవ్వ చెప్తుంది. ఈసారి మేము కాగితం మీద రాసి పెట్టుకుంటాము.